క్షేమం అని రాసిన కార్డు

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను అక్కడక్కడా తారుమారు చేసి ఉండవచ్చు. వయసు అలాంటిది. జరిగిన సంగతి మాత్రం ఇదే.

చీరాలకు రెండు బస్సుల దూరంలో, రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఒకటుంది. అక్కడ పెద్ద డాక్టరు కృపానందం గారు. ఆయనకొక అలవాటు. తన చేతి మీదుగా ఆపరేషన్ జరిగిన ప్రతి స్త్రీకీ ఏడాదికొకసారి జవాబు కార్డు పంపేవారు. ఒక సగం మీద ‘ఎలా ఉన్నారు?’ అన్న ఒక్క ప్రశ్న ఉండేది. రెండో సగం మీద ఆసుపత్రి చిరునామా, మిగతాదంతా ఖాళీ. అందినవాళ్ళు ఆ సగం చింపి, రెండు ముక్కలు రాసి, పోస్టు డబ్బాలో వేస్తే చాలు. ఇరవై రెండేళ్ళుగా ఈ అలవాటు తప్పలేదు. వచ్చిన జవాబులు ఎవరి ఫైల్లో వాళ్ళవి దారం కట్టి ఉండేవి.

ఆయనకు ఇంకో పద్ధతి కూడా ఉంది. శిష్యులు ఏదైనా అడిగితే ఉపన్యాసం చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించి పంపేవారు. వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగి రారని ఆయన నమ్మకం.

పావని ఆయన దగ్గర చేరి అప్పటికి మూడేళ్ళు. మొదటి ఏడాది కత్తి పట్టుకుంటే ఆమె వేళ్ళు వణికేవి. మిగతావాళ్ళు చాటున నవ్వుకుంటే, ఆయన మాత్రం రోజూ ఆమె పక్కన నిలబడి, ఆ వణుకు తగ్గేదాకా నేర్పారు. ఆ మేలు ఆమె మరిచిపోలేదు. ఆయన మనసు నొచ్చుకునే మాట తన నోట రాకూడదని ఆమె పట్టుదల.

ఒక మంగళవారం వేటపాలెం నుంచి మస్తాన్‌బీ వచ్చింది. జీడిపప్పు ఒలిచే పని ఆమెది. ఆపరేషన్ జరిగి పదకొండేళ్ళయింది. పరీక్షంతా అయ్యాక చెప్పులేసుకుంటూ తన మొర పెట్టుకుంది.

“పదకొండేళ్ళుగా తిరుగుతన్నా డాక్టరమ్మా. మా ఆయన బతికున్నప్పుడు పుట్టింటికైనా నన్ను ఇన్నిసార్లు పంపలా. ఇంక రానక్కర్లేదని ఒక్క ముక్క రాసియ్యండి.”

పావనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. రావద్దని రాసిస్తే ఈ మనిషి నిజంగానే రాదు. ఆ తర్వాత జబ్బు తిరగబెడితే కనిపెట్టేవాళ్ళుండరు. తిరగబెట్టదని నిశ్చయంగా తెలిస్తే, ఒక్క మాటతో ఈమెకు ఇంత తిరుగుడు తప్పించవచ్చు. వచ్చే నెల చెబుతానని పంపించి, రికార్డు గదిలో కూర్చుంది. పదేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా దాటిన ఆడవాళ్ళు రెండు వందల అరవై మంది తేలారు. ఒక్కొక్కరి ఫైలూ విప్పింది, కట్టలోని కార్డులన్నీ చదివింది. అన్నిటి మీదా దాదాపు ఒకటే మాట, క్షేమం. ఆ తర్వాత మళ్ళీ జబ్బు వచ్చినవాళ్ళు ఇద్దరే కనిపించారు. ఆ ఇద్దరూ కార్డు మీద చెప్పినవాళ్ళు కారు, నొప్పి ఓర్చుకోలేక తామే ఆసుపత్రికి నడిచి వచ్చినవాళ్ళు. కొందరి కార్డులు మధ్యలో ఆగిపోయాయి. ఇల్లు మారి ఉంటారులే అనుకుంది.

ఆ కాగితం తీసుకుని సంతోషంగా గురువుగారి దగ్గరికి వెళ్ళింది. పదేళ్ళు దాటినవాళ్ళను ఇక రావద్దని చెప్పవచ్చా అని అడిగింది.

ఆయన కాగితం చదివారు. బల్ల మీదున్న ఫైళ్ళలోంచి ఒకటి తీసి, కార్డుల కట్ట పక్కన పెట్టి, అడుగునున్న కాగితాలు తిరగేశారు. ఒకచోట ఆగి, మళ్ళీ మూసేశారు. ఆ ఫైలు చీరాలలో ఊటుకూరి శేషారత్నం అనే ఆమెది. ఆపరేషన్ జరిగి పందొమ్మిదేళ్ళు. ఆ ఏటి కార్డు పంపాల్సిన నెల అదే.

“ఈమె కార్డు పోస్టులో వెయ్యకు. నువ్వే తీసుకెళ్ళి, ఆమె చేత రాయించుకురా” అన్నారు.

శేషారత్నం వాళ్ళది నేతపని. పావని వెళ్ళేసరికి కొడుకు మగ్గం మీద ఉన్నాడు, ఆమె వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. ఆసుపత్రి పేరు వినగానే ఆమె మొహం వెలిగింది. డాక్టరు గారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా, ఇంకా పొద్దున్నే కాఫీ మానేసి ఆపరేషన్లకు పోతున్నారా అని వరసగా అడిగింది. కార్డు చేతికివ్వగానే కలం తెప్పించి, పావని ఇంకా చాప మీద సర్దుకుని కూర్చోకముందే ‘క్షేమం’ అని రాసి ఇచ్చేసింది.

పావని కార్డు సంచిలో పెట్టుకుంటూ చూసింది. ఆమె చీర కింద నడుముకు గట్టి పట్టీ బిగించి ఉంది. మామూలు నడుంనొప్పికి కట్టే పట్టీ కాదది. గూట్లో అద్దం పక్కన మాత్రల అట్ట ఉంది. ఆ మాత్రలు ఎవరికిస్తారో పావనికి తెలుసు. ఆమె చూపు ఎటు పోయిందో, టీ తెచ్చిన కోడలు కనిపెట్టింది.

“ఏటా ఇదే అబద్ధం రాస్తది” అంది కోడలు. “నేను వద్దంటే కళ్ళురుముద్ది. ఈ ఒక్క విషయంలోనే నాకీ ఇంట్లో నోరు లేదు.”

శేషారత్నం రాట్నం ఆపింది. పోగు చివర వేళ్ళ మధ్య నలుపుతూ ఉన్నది చెప్పింది. ఆపరేషన్ అయిన పదమూడో ఏట వెన్నులో నొప్పి మొదలైంది. గుంటూరులో చూపిస్తే పాత జబ్బే ఎముకలోకి వచ్చిందన్నారు. కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు, మందులిచ్చారు. ఆరేళ్ళుగా నిలకడగా ఉంది. కృపానందం గారి దగ్గరికే ఎందుకు రాలేదని పావని అడిగింది.

“ఆయన చెయ్యి పెట్టిన చోట ఏమీ రాలేదమ్మా. వచ్చింది వెన్నులో. దానికి ఆయనేం చేస్తాడు? పదమూడేళ్ళు ఇచ్చాడు నాకు. కొడుక్కి పెళ్ళి చేశా, మనవడికి బారసాల చేశా. అట్టాంటి మనిషికి ‘మళ్ళీ వచ్చింది’ అని రాయటానికి నాకు చేతులు రాలా.”

పావని ఆమెతో తప్పు చేశారని అనలేకపోయింది. వేటపాలెంలో ఒకామె ఉందని, పదకొండేళ్ళయిందని, ఈ కార్డులు చూసే ఆమెను ఇక రావద్దని చెప్పబోయానని మాత్రం చెప్పింది. శేషారత్నం ఆ వేటపాలెం మనిషికి వయసెంతని అడిగింది, ఇంట్లో తోడెవరైనా ఉన్నారా అని అడిగింది. లేరని విని, చెయ్యి చాచి కార్డు వెనక్కి తీసుకుంది. క్షేమం అన్న మాట కింద, పెద్ద పెద్ద అక్షరాలతో, పదమూడో ఏట వెన్నులోకి వచ్చిందని, గుంటూరులో చూపించుకున్నానని, ఏమేం మందులు వాడుతున్నానో కూడా రాసింది. పై మాట కొట్టెయ్యమంటారా అని కోడలు అడిగితే ఆమె ఒప్పుకోలేదు. అదీ నిజమే అంది.

తిరిగొచ్చిన పావని మళ్ళీ రికార్డు గదిలో కూర్చుంది. గురువుగారు ఆగిన కాగితం ఏమిటో ఇప్పుడు చూసింది. ఆరేళ్ళ కిందట గుంటూరు ఆసుపత్రి నుంచి శేషారత్నం పాత బయాప్సీ నకలు పంపమని వచ్చిన ఉత్తరం అది. గుమాస్తా నకలు పంపి, ఉత్తరం ఫైల్లో పెట్టేశాడు. అప్పట్లో డాక్టరు గారి దాకా అది రానే లేదు. పావని మొదటిసారి దాన్ని చూసి కూడా తిరగేసింది. బాగున్న మనిషి పాత రిపోర్టు ఎవరు అడుగుతారు అని ఆమెకు తోచనే లేదు.

ఈసారి కార్డులు చదవలేదు. కార్డుల చుట్టూ ఉన్న కాగితాలు చదివింది. ఒకచోట నకలు అడిగిన ఉత్తరం, ఒకచోట ఎముకల స్కానింగు చీటీ, ఒకచోట ఉన్నట్టుండి మారిన మాత్రల పేరు. ఒక్కొక్కరి గురించీ ఫోనులోనో, మనిషిని పంపో విచారించింది. ఇద్దరు కాస్తా ముప్పై ఒక్కరయ్యారు. వాళ్ళలో కార్డు ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఇల్లు మారినవాళ్ళు కారు.

కొత్త కాగితం రాయటం అయితే రాసింది గాని, గురువుగారి చేతికివ్వటానికి మనసొప్పలేదు. ఇరవై రెండేళ్ళు ప్రేమగా దాచుకున్న కార్డులవి. సంతకాలు పెట్టాల్సిన వేరే కాగితాలు పైన పెట్టి, దీన్నీ శేషారత్నం కార్డునూ అన్నిటికన్నా అడుగున పెట్టి ఇచ్చింది. ఆయన సంతకాలు చేసుకుంటూ చివరిదాకా వచ్చి, చదివి, ఇది అడుగున ఎందుకుందని అడిగారు. మీరు బాధపడతారని, అంది పావని. శేషారత్నం ఎందుకు దాచిందో కూడా చెప్పింది.

ఆయన పెద్దగా నవ్వారు. “ఆమెకైతే పదమూడేళ్ళు ఇచ్చాను. నీకేమిచ్చానమ్మాయీ, నువ్వూ దాస్తున్నావు?”

ఆయన కలం తీసి ఆమె చేతికిచ్చి, కాగితం మీద ముప్పై ఒక్కరు అన్నచోట వేలు పెట్టి, దాని పక్కన ‘తక్కువ కాదు’ అని చేర్చమన్నారు. మనకు దొరికినవాళ్ళే ఇంతమంది అన్నారు.

ఆ మధ్యాహ్నమే మస్తాన్‌బీ వచ్చింది. పావని ఆమెను ఎలా ఉన్నారని అడగలేదు. ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పి ఉందో, ఎన్నాళ్ళుగా ఉందో, ఏ ఊళ్ళో ఎవరికి చూపించారో అడిగింది. మస్తాన్‌బీ నడుం నొప్పి రెండు నెలలుగా ఉందని, చెబితే ఇంకా తిప్పుతారని చెప్పలేదని ఒప్పుకుంది. ఎక్స్‌రే ఫొటో తీయించారు. ఎముకలో ఏమీ లేదు, పొద్దస్తమానం వంగి జీడిపప్పు ఒలిచే నడుమే అది. ఏటా రావాలని, ఎందుకు రావాలో ఉన్నదున్నట్టు పావని చెప్పింది. మస్తాన్‌బీ గొణగలేదు. తేదీ చీటీ మడిచి రొంటిన దోపుకుని, పావని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళింది.

సాయంత్రం పావని ఫైళ్ళను రెండు కట్టలుగా సర్దుతూ, శేషారత్నం కార్డును ఏ కట్టలో పెట్టమంటారని గురువుగారిని అడిగింది. క్షేమంగా ఉన్నవాళ్ళదా, తిరగబెట్టినవాళ్ళదా?

ఆయన కార్డు తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, మొదటి నుంచీ మళ్ళీ చదివారు.

“కట్టలో పెట్టకు. ఇరవై రెండేళ్ళలో నాకు వచ్చిన మొదటి జవాబు ఇది” అన్నారు.

నేను చెబుతుంటే ఇదంతా రాసుకున్నావు కదా కస్తూరీ, అచ్చుకిచ్చే ముందు పేర్లు ఒకసారి సరిచూడవే. ముఖ్యంగా ఆ చీరాల ఆమె పేరు తప్పు పోకూడదు.