పైడమ్మ పేరున వెయ్యి వరహాలు

ఆ రాజ్యంలో జనం నాణేలు మోయడం మానేశారు. ఎవరికి ఎంత ఇవ్వాలో చీటీ రాస్తే, చీటీల చావడివాళ్లు వాళ్ల పేరున జమ చేసేవారు. ఏడాది చివర ఆ జాబితా సుంకాధికారి వీరభూపతికి చేరేది.

అట్లు అమ్మే పైడమ్మ పేరున వెయ్యి వరహాలు కనబడ్డాయి.

"వచ్చిందంతా నీ ఆదాయమే. అందులో ఐదో వంతు పన్ను. రేపటికల్లా నా పేరున రెండొందలకి చీటీ రాయి. లేదంటే నీ పెనం జప్తు," అన్నాడాయన.

"అందులో తొమ్మిదొందలు బియ్యానికీ నూనెకీ పోయాయి బాబయ్యా!"

"జాబితాలో వచ్చిందే ఉంది, పోయింది లేదు."

పైడమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి వెలిగించింది, ఆర్పేసింది. పిండి పొంగి గిన్నె దాటినా చూసుకోలేదు. తెల్లారగానే కొలువుకు పరుగెత్తింది.

"మహారాజా, సుంకాధికారి గారి పేరున ఎంత జమయిందో చదివించండి."

లేఖకుడు చదివాడు. "రెండు లక్షల వరహాలు."

"మరి ఆయన నలభై వేలు పన్ను కట్టారా?"

కొలువులోనే ఉన్న వీరభూపతి గబుక్కున ముందుకొచ్చాడు. "అది నా ఆదాయం కాదు ప్రభూ! నా చేతి మీదుగా ఖజానాకు పోయింది. నాకు మిగిలేది జీతమే!"

రాజు పైడమ్మ వైపు చూసి నవ్వాడు.

"నాకు మిగిలింది వంద," అంటూ పైడమ్మ కొంగుముడి విప్పింది. "ఇదిగో ఇరవైకి చీటీ. ఇదీ మీ పేరునే రాశాను బాబయ్యా!"