దూలగొండి తల ఎందుకు వంచుకుంది

ఒకప్పుడు దూలగొండి తీగని చూసి ఎవరూ పారిపోయేవారు కాదు. నిజమే చెబుతున్నాను, ముక్కు చిట్లించకండి. అప్పట్లో దాని కాయల మీద నూగు దూదికంటే మెత్తగా ఉండేది. పూలూ కాయలూ ఆకాశం వైపు తలెత్తి నిలబడేవి. దాన్ని ఏరికోరి ఇంటి దడి మీదికి పాకించుకునేవారు.

ఆ రోజుల్లో కొండ దిగువ పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. బిడ్డ పుడితే పదకొండో రోజు పురుడు అయ్యేదాకా ఒంటికి కొత్తబట్ట తగలనిచ్చేవారు కాదు. దూలగొండి నూగు దులిపి తెచ్చి, దాని మీద పడుకోబెట్టేవారు. అయితే ఊరికే దులుపుకుపోకూడదు. తీగ మొదట్లో చెంబెడు నీళ్లు పోసి, "తల్లీ, మా ఇంట బిడ్డ పుట్టింది, కాస్త నూగు ఇయ్యి" అని అడగాలి.

అలా అడిగించుకోవడమంటే దూలగొండికి ఎంత ఇష్టమో చెప్పలేను.

ఎల్లారమ్మ అనే ముసలమ్మ ఇంటి దడి మీద ఒక దూలగొండి ఉండేది. ఎల్లారమ్మ కూతురు పైడితల్లి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆ రోజు నుంచీ తీగ ఒకటే ముస్తాబు. "అడగ్గానే ఇచ్చేస్తే చులకనైపోతాను. కాస్త బెట్టు చేసి ఇవ్వాలి" అనుకుంది.

ఒక తెల్లవారుజామున ఇంట్లోంచి కేరుమని ఏడుపు వినిపించింది. ఆడపిల్ల! తీగ ఆకులన్నీ సర్దుకుని, చెంబు కోసం ఎదురుచూసింది.

పొద్దెక్కింది. చెంబు రాలేదు. చివరికి ఎల్లారమ్మ వచ్చింది. చేతిలో ఉన్నది చెంబు కాదు, తన పాత కోక. దాన్ని ఉతికి, పిండి, తీసుకొచ్చి దడి మీద ఆరేసింది. తీగ వైపు చూడనైనా చూడలేదు.

దూలగొండికి ఒళ్లు మండిపోయింది. "నా నూగు కంటే ఈ చిరుగుల కోక ఎక్కువైందా?"

పక్క ఆకు మీద గొంగళిపురుగు ఆవులిస్తూ కూర్చుంది. "గొంగళీ, నీ ముళ్లవెంట్రుకలు ఒక్క పూటకి ఇవ్వవా? ఆ ముసలమ్మ చెయ్యి ఒక్కసారి దురదపెట్టాలి. అంతే, సాయంత్రానికి తిరిగిచ్చేస్తాను."

"తీసుకో" అంది గొంగళి. "నాకు నిద్ర ముంచుకొస్తోంది. నిద్ర లేచాక చూద్దాం." వెంట్రుకలన్నీ రాల్చేసి, చుట్టూ గూడు అల్లుకుని పడుకుంది.

తీగ ఆ వెంట్రుకలని కాయల నిండా దోపుకుంది. ఎల్లారమ్మ చెయ్యి ఎప్పుడు తగులుతుందా అని కాచుకుంది.

ముందు వచ్చింది ఎల్లారమ్మ కాదు, గాలి. ఒక్క విసురు విసిరింది. వెంట్రుకలు గుప్పున లేచి ఆరేసిన కోక మీద పడ్డాయి.

దూలగొండి చూసింది. బాగా చూసింది. అప్పుడే ఎల్లారమ్మ వచ్చి కోక మడత పెడుతోంది. "ఆగు మామ్మా, దులుపు" అంటే సరిపోయేది. కానీ అలా అంటే తన గుట్టు బయటపడుతుంది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. కోక ఇంట్లోకి వెళ్లిపోయింది.

కాసేపటికి బిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. పైడితల్లి కంగారుపడి బట్టతో రుద్దబోయింది.

"రుద్దకే!" అని అరిచింది ఎల్లారమ్మ. "రుద్దితే ఇంకా లోపలికి దిగిపోతాయి. ముందు ఆ కోక దూరంగా పారెయ్యి." బియ్యప్పిండి మెత్తగా తడిపి ముద్ద చేసింది. ఆ ముద్దని బిడ్డ ఒంటి మీద అద్దుతూ, తీస్తూ, ఒక్కొక్క వెంట్రుకా పైకి లాగింది. చల్లటి నీళ్లతో కడిగింది. సాయంత్రానికి గానీ ఆ ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపంతా దడి మీద తీగకి వినిపిస్తూనే ఉంది.

మర్నాడు ఎల్లారమ్మ తీగ దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ మోచేతులదాకా వాచి ఉన్నాయి. ఆ చేతులతోనే చెంబు పట్టుకుని మొదట్లో నీళ్లు పోసింది.

"తల్లీ, నా మీద కోపం పెట్టుకోకే. నీ కాయలింకా లేతవి. ఇప్పుడు దులిపితే నీకు నొప్పెడతాదని పాత కోక తీసినాను. నిన్ను అడక్కపోవడమే తప్పయిపోనాదేమో, సంటిదానికి ఇలగయ్యింది."

దూలగొండికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"తప్పు నీది కాదు మామ్మా" అంది ఏడుస్తూ. "ఆ వెంట్రుకలు నేను తెచ్చుకున్నవే. నీ చెయ్యి దురదపెట్టాలని తెచ్చుకున్నాను. కోక మీద పడ్డం చూశాను. చూసి కూడా చెప్పలేదు."

ఎల్లారమ్మ చెంబు కింద పెట్టింది.

"నా సేతులకేటి, ఎలగైనా తగ్గుతాయి. ఆ సంటిది నీకేటి సేసిందే?"

తీగ తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయింది. "పురుడు దాకా గడువివ్వు మామ్మా. గొంగళి లేవగానే దానివి దానికిచ్చేస్తాను" అంది. ఎల్లారమ్మ సరేనని, ఎవరూ దగ్గరికి పోకుండా చుట్టూ ముళ్లకంప వేసింది.

పదో రోజున గూడు పగిలింది. లోపలినుంచి వచ్చింది గొంగళి కాదు, పసుపురంగు సీతాకోకచిలుక.

"ఇదిగో నీ వెంట్రుకలు, తీసుకో!" అంది తీగ ఆత్రంగా.

"వెంట్రుకలా? ఇవెక్కడ పెట్టుకోను? నాకు రెక్కలొచ్చాయిగా!" అంటూ సీతాకోకచిలుక ఎగిరిపోయింది.

మర్నాడే పురుడు. బిడ్డని మొదటిసారి వాకిట్లోకి తెస్తారు. దూలగొండి రాత్రంతా ఆలోచించి, తెల్లారగానే తనే అడిగింది. "మామ్మా, నన్ను పీకెయ్యి."

ఎల్లారమ్మ ముందు తీగ మీద బిందెలతో నీళ్లు కుమ్మరించింది, వెంట్రుకలు ఎగరకుండా. చేతులకీ ముఖానికీ పాతగుడ్డలు చుట్టుకుంది. గునపంతో వేరుకంటా తవ్వింది.

"కాల్చేద్దామే అమ్మా, పీడ వదిలిపోద్ది" అంది పైడితల్లి గుమ్మంలోంచి.

"కాలిస్తే ఆ పొగ సంటిదాని కళ్లల్లో పడతాది. దాన్ని దూరంగా పంపించడమే మేలు."

తీగని తడిగోనెలో చుట్టి కొండ మీదికి మోసుకెళ్లింది. ఎవరూ తిరగని చోట గొయ్యి తీసి పాతింది. కూడా తెచ్చిన చెంబులో నీళ్లు మొదట్లో పోసింది. ఆ నీళ్లు చూసి దూలగొండికి ఇంకా సిగ్గేసింది.

"తలెత్తవే" అంది ఎల్లారమ్మ.

తీగ ఎత్తలేకపోయింది. కిందనుంచి పురుడు సందడి వినిపిస్తోంది. ఎవరో బిడ్డని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఏం పేరు పెట్టారో అంత దూరం నుంచి వినపడలేదు.

అప్పటినుంచే దూలగొండి ఊళ్లకి దూరంగా, కొండవాలుల్లో, పొదల్లో బతుకుతోంది. దాని పూలు తలకిందులుగా వేలాడతాయి, కాయలు నడుం వంచుకుని ఉంటాయి. తగిలితే ఈనాటికీ ఒళ్లంతా దురదే. మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళితే దూరంగా నడవండి. దానికి కావలసింది కూడా అదే.