ముత్యాలు కట్టిన మునుగుదోనె

మడ అడవిలో ఏరు మలుపు తిరిగే చోట లోతైన గుండం ఉంది. దాని అడుగున భూతం ఉందని, అది పైకి రాకూడదంటే రోజూ బుట్టెడు చేపలు గట్టున పెట్టాలని నక్క అందర్నీ నమ్మించింది. ఆ అడవికి పెద్దయిన బావురుపిల్లి పెద్దమ్మ తన పిల్లలకు తక్కువ చేసి మరీ పెట్టేది. మర్నాటికి బుట్ట ఖాళీ.

పందికొక్కు ముత్యాలుకి ఇది మింగుడుపడలేదు.

"భూతాన్ని చూసిందెవరు మామా?"

"దిగినవాళ్లు తిరిగొస్తే కదే చెప్పడానికి!" అంది నక్క.

"అయితే నేను దిగి తిరిగొస్తాను."

మూణ్ణెల్లు ముత్యాలు తాటిమొద్దును పళ్లతో దోనెగా తొలిచింది. పైన మూత బిగించి, సందులన్నీ మైనంతో పూడ్చింది. ముందువైపు గాజుసీసా పెంకు అతికించి కిటికీ చేసింది. దోనె కింద రాళ్లమూట కట్టి, తాడు కొస లోపలికి తెచ్చుకుంది.

"అంత బరువు కిందెందుకే?" అంది పెద్దమ్మ.

"బరువు కిందుంటే ఎంత ఊగినా దోనె బోర్లాపడదు. ఆపదొస్తే తాడు కొరికేస్తా. రాళ్లు జారిపోతాయి, దోనె పైకి తేలుతుంది."

పొదచాటు నుంచి నక్క అంతా విన్నది. దిగే రోజు ముత్యాలు తిండికి వెళ్లగానే రాళ్లమూటను దోనె నెత్తికెక్కించి, పైన పూలూ ఆకులూ కప్పింది. అందరూ చేరాక, "నేనే అలంకరించాను, నేనే పరీక్షించాను. భేషుగ్గా ఉంది!" అంది.

ముత్యాలు ఎక్కబోతూ దోనెను చేత్తో ఊపి చూసింది. తూలింది. ఆకులు తప్పిస్తే తన రాళ్లే! ఆకులు మళ్లీ కప్పేసి నక్కవైపు తిరిగింది.

"మామా, ముందు ఒడ్డు పక్కన లోతులేని నీళ్లలో దించి చూడాలి. పరీక్షించింది నువ్వే కదా, ఎక్కు."

"నాకు... నీళ్లు పడవు."

"భేషుగ్గా ఉందన్నావుగా? ఎక్కు!" పెద్దమ్మ గద్దించింది.

నక్క ఎక్కింది. దోనె నీళ్లలోకి దిగిందో లేదో, గిర్రున బోర్లాపడింది. లోపల్నుంచి ఒకటే కేకలు: "లాగండర్రా! రాళ్లు ఎక్కించింది నేనే! భూతం లేదు గీతం లేదు, చేపలు తిన్నది నేనే!"

బయటికి లాగారు.

"నిజం తెలిసిపోయిందిగా, ఇంక దిగడమెందుకు?" అంది పెద్దమ్మ.

"ఇన్నాళ్లూ చెప్పుడు మాటలే విన్నాం. ఇకనైనా కళ్లతో చూసొస్తా."

రాళ్లు మళ్లీ కింద కట్టి, ఒడ్డు పక్కన మరోసారి సరిచూసుకుని, ముత్యాలు గుండంలోకి దిగింది. సుడి ఊపేసింది. దోనె ఒరిగి, మళ్లీ తనంతట తానే నిటారుగా నిలిచింది. అడుగున తెల్లటి ఇసుక, గవ్వలు, రొయ్యల గుంపులు. భూతం జాడ లేదు. పైకి రాబోతే రాళ్లమూట ఇసుకలో దిగబడి ఉంది. ముత్యాలు తాడు కొరికేసింది. దోనె బాణంలా పైకొచ్చింది.

పెద్దమ్మ ముత్యాలుని భుజమ్మీదికి ఎత్తుకుంది. "చూశారా! మన మడలో పుట్టిన పిల్ల, తన పళ్లతో తొలిచిన దోనె!"

ఒళ్లంతా బురదతో నక్క తోక ముడుచుకుని ఏటి అవతలికి పోయింది. దానివంక చూసినవాళ్లే లేరు.

నీతి: ఎవరు బాగుందన్నా సరే, లోతుకు దిగేవాళ్లు తమ దోనెను తామే సరిచూసుకోవాలి.