ఐదో గాటు

వీబ్రన్ మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు వాళ్ల ముఖంకేసి కాదు, కాళ్లకేసి చూసేవారు. రబ్బరు బూట్లు కనబడితే "పద" అని లేచేవారు. పట్నం చెప్పులు కనబడితే, "ఈ ప్రశ్నకి ఆ చెప్పులు చాలవు, రేపు రా" అని పంపేసేవారు.

ఆయన ఉండేది హాలెండ్ దేశంలో, లాహమేర్ అనే ఊళ్లో. ఆ ఊరి నేల సముద్రం కంటే పల్లం. చుట్టూ కరకట్ట పోసి, లోపలి నీళ్లన్నీ తోడి అవతల పారబోసి, మనుషులు తమకోసం తాము చేసుకున్న నేల అది. వానాకాలంలో ఒక్క వారం పంపు ఆగితే పొలాల్లో బాతులు ఈదుతాయి. అందుకని అలాంటి ఊళ్లలో నీళ్ల సంగతి చూసుకోవడానికి పూర్వం నుంచీ నీటి మండళ్లు ఉన్నాయి. లాహమేర్ మండలికి చివరి పెద్ద వీబ్రన్ మాస్టారే. తొమ్మిదేళ్ల కిందట పదకొండు చిన్న మండళ్లను ఒక్కటి చేసి, పట్నంలో పెద్ద మండలి పెట్టారు. ఆయన పదవి పోయింది గాని నోరు పోలేదు. కొత్తగా చేరిన ఆఫీసర్లకు నీళ్ల గుణం నేర్పమని పెద్ద మండలే వాళ్లను ఆయన దగ్గరికి పంపేది.

అలా వచ్చిన శిష్యురాలు హిల్కే. అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడి అడిగింది.

"మాస్టారూ, ఒకప్పుడు ఈ ఊళ్లో మండలి పనికి ఎవరూ ఎవర్నీ పిలిచేవారు కారట, అయినా అందరూ వచ్చేవారట. ఇప్పుడు మేం బతిమాలి పిలుస్తున్నాం. ఒక్కరూ రారు. ఎందుకని?"

ఆ పిల్ల అలా అడగడానికి కారణం ఉంది. ప్రజలను అడిగి పాలించాలని పెద్ద మండలి కిందటేడు కొత్తగా విధానం పెట్టుకుంది. దాని ప్రకారం గురువారం సాయంత్రం హిల్కే ఊరి హాల్లో మీటింగు పెట్టింది. నలభై కుర్చీలు వేయించింది. కాఫీ, రెండు రకాల బిస్కెట్లు తెప్పించింది. గోడకు అంటించడానికి రంగు చీటీలు పెట్టింది. నచ్చినవి ఆకుపచ్చ చీటీ మీద, నచ్చనివి గులాబీ చీటీ మీద, భవిష్యత్తు గురించిన కలలు పసుపు చీటీ మీద రాయాలి. వచ్చింది నలుగురు. అందులో ఒకాయన కిందటి వారం మరిచిపోయిన గొడుగు కోసం వచ్చాడు. ఆయనే పోతూ పోతూ పసుపు చీటీ మీద "బిస్కెట్లు బాగున్నాయి" అని రాసి అంటించాడు.

లాహమేర్ పంపు ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆపాలో ఇప్పటికీ అయిదుగురు ఊరివాళ్ల కమిటీ నిర్ణయిస్తుంది. ఆ అయిదింటిలో రెండు స్థానాలు రెండేళ్లుగా ఖాళీ. కమిటీని ఉంచాలా తీసేయాలా అన్నదాని మీద సోమవారం నాటికి హిల్కే నివేదిక ఇవ్వాలి. చివరి వాక్యం రాసేసింది కూడా: "లాహమేర్ ప్రజలకు ఆసక్తి లేదు. కమిటీని రద్దు చేయవచ్చు." దాని కింద ఆమె సంతకం పడితే పంపు ఇంటి తాళంచెవి నలభై కిలోమీటర్ల అవతలికి పోతుంది. ఆ తరవాత జడివానలో ఈ పొలాల సంగతి తేల్చేది ఈ పొలాలను ఎన్నడూ చూడనివాళ్లు. ఆ వాక్యం ఆమెకు చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. కానీ ముప్పై ఆరు ఖాళీ కుర్చీలు సాక్ష్యం చెబుతుంటే కాదనేదెట్లా?

మాస్టారు ఆమె కాళ్లకేసి చూశారు. బూట్లున్నాయి. "పద" అన్నారు.

పెరట్లో కొట్టుగది తలుపుకి ఒక పొడుగాటి కర్ర ఆనించి ఉంది. ఆయన దాన్ని లాగేశారు. ఆధారం పోయి తలుపు గాలికి టపటపా కొట్టుకుంది. ఆయన వెనక్కి చూడలేదు.

అది ఓక్ చెక్క కర్ర. బురదలో దిగబడకుండా అడుగున చిన్న పలక ఉంది. కింద నుంచి పైకి అయిదు గాట్లు. కాలువలో నిలబెట్టి తీస్తే అయిదో గాటు తడవాలి. తడిస్తే నీళ్లు పారేంత లోతు ఉన్నట్టు. లేదంటే పూడిక తీయాలి. చిన్న మండలి ఉన్నన్నాళ్లూ ఏటా ఒక రోజు ఊరంతా తిరిగి కాలువల లోతు కొలిచేవారు, దాన్ని కాలువ చూపు అనేవారు. కర్ర మండలి పెద్ద పట్టుకునేవాడు కాదు. ఏ బోదె, అంటే పొలం పక్క పిల్లకాలువ, పూడితే ఎవరి పొలం మునుగుతుందో వాళ్ల చేతికే కర్ర ఇవ్వాలి, అది పద్ధతి. పెద్ద మండలి వచ్చాక ఆ చూపు ఎత్తేశారు. ఇప్పుడు ఆకాశం నుంచి ఫొటోలు తీస్తున్నారు.

దారిలో తూనిస్ అనే రైతు కంచె బాగుచేసుకుంటున్నాడు. మాస్టారు కర్ర అతని ముందు చాపారు.

"అది రద్దయింది కదండీ" అన్నాడు తూనిస్.

"అయింది. పట్టుకుంటే చెయ్యి కాలుతుందా?"

తూనిస్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని కర్ర అందుకున్నాడు. హిల్కే ఉండబట్టలేక అడిగింది. "గురువారం మీటింగుకి మీరు రాలేదేం?"

"కిందటేడు వచ్చానమ్మా. గులాబీ చీటీ రాశాను. అదెక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు. ఆవుకి గడ్డి వేస్తే పాలైనా కనబడతాయి."

అతని పొలం నీళ్లు పక్కనున్న సీట్స్కే బోదెలోంచి పోవాలి. సీట్స్కే డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తోంది. వంటింటి కిటికీలోంచి కర్రను చూసి, పిండి చేతులతోనే బయటికొచ్చింది.

"నా బోదెలో నీకేం పని తూనిస్?"

"నీ బోదె పూడితే మునిగేది నేను. అదీ పని."

కర్ర దించి తీశాడు. నాలుగో గాటు తడిసింది. అయిదోది పొడిగా ఉంది.

"వంకరగా పెట్టావు."

"ఎక్కడ పెట్టమంటావో నువ్వే చూపించు."

ఆమె మూడు చోట్ల చూపించింది. మూడు చోట్లా నాలుగే. ఈలోగా దారినపోయే సైకిళ్లు ఆగాయి. అవతలి ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. "సీట్స్కే, నీ బోదెలో చేపలు నడిచి పోతున్నాయట" అన్నారెవరో. "నవ్వండి, నవ్వండి. ఈ కర్ర మీ గుమ్మానికీ వస్తుంది" అందామె. మళ్లీ ఒకసారి తడి చూసుకుని, "బుధవారానికి తీయించేస్తాను. కర్ర ఇలా తే" అంది.

ఆమె బోదె కలిసేది పెద్ద కాలువలో. పెద్ద కాలువ పెద్ద మండలిది. సీట్స్కే హిల్కేని పైకీ కిందికీ చూసింది.

"మండలి మనిషివి నువ్వేనా అమ్మాయ్? అయితే ఇలా వచ్చి గట్టు మీద నిలబడు. కొలిచేటప్పుడు కాలువ ఎవరిదో వాళ్లు దగ్గరుండాలి."

హిల్కే మాస్టారికేసి చూసింది. ఆయన మబ్బులు చూస్తున్నారు. ఆమె వెళ్లి నిలబడింది. సీట్స్కే కర్ర దించింది, తీసింది, ఎత్తి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"మూడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది అనుకుంది హిల్కే. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో ఈ కాలువ అద్దంలా ఉంటుంది, తుంగ మొక్క ఒక్కటి కనబడదు. "మార్చిలో నా దుంపలు ఎందుకు కుళ్లాయో ఇప్పుడు తెలిసింది" అన్నారెవరో వెనకనుంచి.

"వచ్చే ఏడాది ప్రణాళికలో..." అని మొదలుపెట్టింది హిల్కే.

"నేను బుధవారం అన్నాను. నువ్వెప్పుడంటావు?" అంది సీట్స్కే. కాస్త తగ్గి, "బెంగపడకు. మాస్టారు మండలి పెద్దగా ఉన్నప్పుడూ రెండుసార్లు నాలుగే వచ్చింది. ఆయనా ఇక్కడే నిలబడ్డాడు" అంది.

హిల్కే కర్ర మీది తడిని తనే వేలితో తాకి చూసింది. "నెలాఖరుకి తవ్విస్తాను. తవ్వకపోతే ఎందుకు తవ్వలేదో ఇక్కడికొచ్చి చెబుతాను" అంది.

"తవ్వావని మాకెలా తెలుస్తుంది?"

"మీరే వచ్చి కొలవండి."

ఆ రోజు ఎవరెవరు రావాలన్న దాని మీద అక్కడే వాదన మొదలైంది. దాంట్లోంచి పంపు కమిటీలో ఖాళీల సంగతి వచ్చింది. ఉన్న రెండు స్థానాలకీ ముగ్గురు మేమంటే మేమన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఎవరూ గట్టు దిగలేదు. హాల్లో వేయించిన నలభై కుర్చీలు ఆ గట్టుకి చాలేవి కావు.

తిరిగి వచ్చి మాస్టారి వంటింటి బల్ల దగ్గర కూర్చుని హిల్కే నివేదిక తీసింది. చివరి వాక్యం కొట్టేసింది. మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, "పెద్ద మండలి కాలువలో మూడో గాటు దాకానే తడిసింది. కొలిచినది ఊరివాళ్లు" అని రాసి, కింద సంతకం పెట్టింది.

పెరట్లో కొట్టుగది తలుపు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కర్రను సీట్స్కే తిరిగి ఇవ్వలేదు. మాస్టారు తలుపుకి ఆనించడానికి మరో కర్ర వెతుక్కుంటున్నారు.

"మాస్టారూ, నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పనేలేదు" అంది హిల్కే గుమ్మంలోంచి.

ఆయన పాత పార ఒకటి తెచ్చి తలుపుకి ఆనించి, అది నిలుస్తుందో లేదో కాసేపు చూశారు.

"ఇవాళ బిస్కెట్లు కూడా పెట్టలేదు కదూ" అన్నారు.