సరుకుల నౌకలో నక్క గవరయ్య

సముద్రానికీ సరుగుడు తోటకీ నడుమ ఇసుక దిబ్బల మీద జంతువులు రాకెట్ నిలబెట్టాయి. పక్కనే పెద్ద కాటా మీద సరుకుల నౌక ఉంది. పైన ఆకాశంలో తిరిగే కేంద్రంలో ఉడత చిట్టెమ్మ, ఆమె మొగుడు చినసామి కాపురముంటూ, మబ్బుల వాలకం చూసి కిందవాళ్లకు తుఫాను కబుర్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు వాళ్ల తిండి అడుగంటింది. ఈ నౌక అందకపోతే పస్తులే.

ప్రయోగం బాధ్యత తాబేలు కూర్మమ్మది. మూటలు మోసేది దున్నపోతు దాలయ్య. ఏ పనీ లేకుండా చుట్టూ తచ్చాడేది నక్క గవరయ్య.

"దీన్ని తోలేదెవరు మావా?" అని దాలయ్యను అడిగాడు గవరయ్య.

"ఎవరూ ఉండరు. దానంతటదే పోయి కేంద్రానికి అతుక్కుంటుంది."

"మరి లోపల కాపలా?"

"ఆకాశంలో దొంగలెవరున్నార్రా?"

గవరయ్యకు నోరూరింది. లోపల వేరుశనగ, బెల్లం, అరిసెలు. అడిగేవాడు లేడు. దారి పొడుగునా తినొచ్చు, పైకి పోయాక ఉడతల్ని బెదిరించి దర్జాగా బతకొచ్చు. దాలయ్య నీళ్లు తాగడానికి పోగానే లోపల దూరి మూటల వెనక నక్కాడు. కాసేపటికి తలుపు మూతపడింది. వాడు అరిసెల డబ్బా తెరిచాడు.

బయట కూర్మమ్మ గొంతు వినిపించింది. "కాటా ఎక్కువ చూపిస్తోందేం దాలయ్యా?"

"నువ్వు చెప్పినవే ఎక్కించానమ్మా. తలుపు తీసి చూడనా?"

గవరయ్య నమలడం ఆపాడు.

"తొందరేం లేదులే," అంది కూర్మమ్మ, తలుపుకి దగ్గరగా జరిగి. "ఎక్కువైంది ఏదైనా పైన దిగదు. కేంద్రం గుమ్మం ఉడత పట్టేంతే. చిన్న చిన్న పొట్లాలు అందుకుని, మిగిలిందంతా చెత్తతో పాటు నౌకలోనే వదిలేస్తారు."

"తర్వాత నౌక తిరిగొస్తుందా?"

"వస్తూ వస్తూ దారిలోనే మండి బూడిదవుతుంది. అది అందుకు చేసిందే."

గవరయ్య చేతిలో అరిసె కింద పడేశాడు. తలుపు దబదబా బాదాడు. "కూర్మమ్మత్తా, తలుపు తియ్యి. నీకు పుణ్యముంటుంది."

దాలయ్య తలుపు తీశాడు. మీసాలకు బెల్లం అంటుకుని గవరయ్య బయటపడ్డాడు.

"నువ్వా," అంది కూర్మమ్మ. "మూటలు నమలవు కదా, ఎవరా అనుకున్నాను."

"నువ్వు చెప్పిందంతా నిజమేనా అత్తా?"

"కావాలంటే ఎక్కి చూసి రా."

వాడు నౌకకు దూరంగా జరిగాడు. తిన్న అరిసెలకు బదులు, దాలయ్య కళ్లెదుట కూర్చుని మధ్యాహ్నమంతా వేరుశనగ కాయలు ఒలిచాడు. ఒక్క గింజ నోట్లో వేసుకునే వీల్లేకపోయింది.

కాటా సరిగ్గా చూపించాక నౌకను రాకెట్ కొసన బిగించారు. రాకెట్ ఉరుముతూ లేచింది. ఇసుక ఎగిరి సరుగుడు తోట ఊగిపోయింది. దాలయ్య ఆనందం పట్టలేక రంకె వేశాడు. ఆ తర్వాత రేడియోలో చిట్టెమ్మ గొంతు పలికింది: "అన్నీ అందాయి వదినా. వేరుశనగ భలే శుభ్రంగా ఒలిచారే, ఎవరి చెయ్యి?"

కూర్మమ్మ గవరయ్య వైపు చూసింది. వాడు ఖాళీ కడుపు పట్టుకుని సముద్రం వైపు తిరిగాడు.

చూసేవాళ్లు లేరని దూరిన చోట, ఆదుకునేవాళ్లూ ఉండరు.