రత్తమాంబ కట్ట

మా పరాంకుశం మాస్టారిని "ఎందుకు?" అని అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. వెళ్ళి ఫలానాది పట్టుకురా అంటారు. తాటాకు గ్రంథాల భాండాగారంలో కంప్యూటర్లు చూసుకునే ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళమందరం కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళమే.

ఓ ఉదయం ఆయన శిష్యురాలు వకుళ బల్ల ముందుకొచ్చి నిలబడింది. రత్తమాంబ అనే వైద్యురాలు ఏనాడో సొంత చేత్తో రాసుకున్న మందుల గ్రంథాన్ని వకుళ ఆర్నెల్లు కూర్చుని ఫొటోలు తీసింది. ఆ ఫొటోలున్న డిస్కు పొద్దున్నుంచి గరగరలాడుతోంది. ఇవాళే కొత్తచోటికి ఎక్కించకపోతే పోయినట్టే. ఎక్కించాలంటే ముందు దాన్ని సర్వరుకి తగిలించి, ఆ తగిలించిన చోటుకి ఒక దారి పేరు పెట్టాలి. వకుళ జిల్లా, ఊరు, ఇంటిపేరు, రత్తమాంబ పూర్తి పేరు, ఆవిడ గురువు పేరు, సంవత్సరం అన్నీ గుదిగుచ్చింది. ఎనభై ఏడు అక్షరాలు దాటితే ఆ సర్వరు ఒప్పుకోదు. పేరు మరీ పొడుగని మూడుసార్లు తిప్పికొట్టింది.

"మనిషి పేరు కత్తిరించమనడానికి ఇదెవరండీ? అసలీ హద్దు ఎందుకు పెట్టారు?" అంది వకుళ. ఆ తాటాకుల కట్ట అప్పజెప్పిన రోజున రత్తమాంబ మునిమనవరాలు వకుళ చేతులు పట్టుకుని, "మా తాతమ్మ పేరు పోనివ్వకమ్మా" అని అడిగింది. వకుళ మాటిచ్చింది. డిస్కు దక్కాలంటే ఇప్పుడా పేరే కోసెయ్యాలని ఆమె బాధ.

"ఆవిడ కట్ట పట్టుకురా," అన్నారు మాస్టారు.

అవతల డిస్కు కొనఊపిరితో ఉంటే ఈయన చాదస్తం ఈయనదని పక్క బల్ల దగ్గరున్న నాకే ఒళ్ళు మండింది. వకుళ మాత్రం పరుగున వెళ్ళి తెచ్చింది.

"తాడుకున్న చీటీ మీద ఏముంది?"

"ర, మ. అంతేనండీ. పెట్టెలో వెతుక్కోడానికి ఆవిడే కట్టుకుందట."

"ఇప్పుడు చివరాకు చదువు."

చదివింది. పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, నేర్పిన గురువు, నేర్చుకోనివ్వని మామగారు, ఏ వానల్లో మొదలుపెట్టిందీ, ఏ రెండు కాన్పుల మధ్య ముగించిందీ, ఆకుకి రెండువైపులా ఇరుకిరుగ్గా రాసుకుంది రత్తమాంబ. చదువుతూ చదువుతూ వకుళ ఆగిపోయింది. చీటీకేసి ఓసారి చూసి, లేచి కీబోర్డు దగ్గరికి వెళ్ళింది. దారి పేరుగా ఆ రెండక్షరాలే కొట్టింది. డిస్కు తగులుకుంది.

సాయంత్రం నాలుగింటికి చివరి ఫొటోతో సహా అంతా క్షేమంగా, అదే రెండక్షరాల పేరుతో, కొత్తచోటికి చేరింది. అప్పుడు వకుళ, ఎవరు వచ్చినా ముందు కంటబడేలా అందులో ఒక ఫైలు పెట్టి, చివరాకులో ఉన్నదంతా పొల్లుపోకుండా రాసింది. మామగారిని కూడా వదల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మాస్టారు అది మొత్తం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి రెండక్షరాలు చాలమ్మా," అన్నారు. "వెళ్ళాక మాత్రం తొందరపడకు."