తేలిక బరువు

బోరు బిట్లు తయారుచేసే ఒక కర్మాగారంలో పినాకపాణి అనే పరిశోధకుడు ఉండేవాడు. తెలివైనవాడే గానీ, తనకు నచ్చిన అంకె కనబడగానే కొలవడం ఆపేసేవాడు.

రాతిని తొలిచే బిట్టు మొనకు గట్టి గుండ్లు పొదుగుతారు. ఆ గుండ్ల కోసం పాణి ఒక కొత్త పదార్థం చేశాడు. అలాంటివాటి గట్టిదనం కొలవడానికి సన్నని వజ్రపు మొనను బరువు పెట్టి నొక్కుతారు. పడిన గుంటను సూక్ష్మదర్శినిలో కొలుస్తారు. పెట్టిన బరువుకు గుంట ఎంత చిన్నదైతే పదార్థం అంత గట్టిది.

పాణి అన్నిటికంటే తేలిక బరువు పెట్టాడు. గుంట కనబడీ కనబడనట్టు పడింది. లెక్క వేస్తే అంకె వజ్రానికి దగ్గరగా వచ్చింది.

"చూశావా జుబేదా! దీని ముందు మన పాత గుండ్లు బెల్లం ముక్కలు" అన్నాడు.

తోటి పరిశోధకురాలు జుబేదా సూక్ష్మదర్శినిలోకి తొంగిచూసింది. "గుంట అంచు ఎక్కడుందో నాకైతే తెలియడం లేదు సార్. తేలిక బరువుకు అంకె పెద్దదిగానే వస్తుంది. బరువు పెంచుతూ పోండి. అంకె దిగి దిగి ఒకచోట నిలబడుతుంది. అదీ అసలుది."

"పెంచితే చుట్టూ పగుళ్ళొస్తాయి. నున్నటి ముక్క పాడైపోతుంది."

"పోతే పోనివ్వండి. రేపు భూమిలో రాయి దీన్ని ముద్దు చేస్తుందా?"

పాణి నవ్వేసి, మొదట వచ్చిన అంకెనే రాసుకున్నాడు.

ఆ వారమే వాళ్ళక్క వకుళమ్మ ఫోన్ చేసింది. "తమ్ముడూ, బోరు ఎండిపోయిందిరా. బత్తాయి చెట్లు కాయ మీదున్నాయి. తొందరగా నీళ్ళు పడకపోతే తోట దక్కదు."

"దిగులెందుకక్కా, నా కొత్త గుండ్లు పొదిగిన బిట్టు పంపిస్తాను. మీ నల్లరాయిలో కూడా వెన్నలో దిగినట్టు దిగుతుంది."

బోరు బండి వచ్చింది. బిట్టు మట్టి దాటి రాయిని తాకింది. కాసేపటికే గుండ్లు అరగడం మొదలైంది. అవి అరిగేకొద్దీ రంధ్రం సన్నబడింది. చివరికి బిట్టు అందులోనే బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. ఇంకో బండి దొరికి, పాత రకం బిట్టుతో వేరేచోట నీళ్ళు పడేసరికి సగం తోట ఎండిపోయింది.

"మా తమ్ముడు చేసిందని అందరికీ చెప్పుకున్నానురా. గట్టిదో కాదో సరిగ్గా చూడలేదా?" అంది వకుళమ్మ, తోట చూడడానికి వచ్చిన పాణితో.

పాణి ఆ రోజే కర్మాగారానికి బయలుదేరాడు.

తిరిగొచ్చి ఆ పదార్థం ముక్కను మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాడు. ఈసారి బరువు పెంచుతూ పోయాడు. అంకె దిగింది. ఇంకా దిగింది. ఆఖరికి ఒకచోట ఆగి, ఆ పైన ఎంత బరువు పెట్టినా కదలలేదు. అది పాత గుండ్ల అంకె కంటే తక్కువ.

"బెల్లం ముక్క ఇదే జుబేదా" అన్నాడు పాణి మెల్లగా.

ఆమె నవ్వలేదు. "ఇంకోచోట కూడా నొక్కి చూద్దాం సార్" అంది. పాణి వెంటనే ముక్కను జరిపాడు.

పిల్లలూ, తేలిక పరీక్షలో వచ్చిన గొప్పను నమ్ముకోకూడదు. బరువు పెంచినా మారకుండా నిలిచేదే అసలైన గట్టిదనం.